ఈ శుభలేఖని ఏం చెయ్యమంటారు?

అటక మీద ఏముందో తడుముకోకుండా చెప్పగలిగిన ఇల్లు మన వైపు ఒక్కటి చూపించు అమ్మలూ, చూద్దాం. ఇత్తడి గంగాళం, విరిగిన ఉయ్యాల బల్ల, మీ నాన్న బడికి పట్టుకెళ్ళిన రేకు పెట్టె, నోరు పెచ్చు లేచిన ఆవకాయ జాడీ, ఏ తలుపుదో ఎవరికీ గుర్తులేని తాళంచెవుల గుత్తి. హార్లిక్స్ సీసా ఖాళీ అయితే కడిగి కందిపప్పు పోస్తాం. చీర చిరిగితే బొంత కుడతాం. బొంత కూడా చిరిగితే గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే గుడ్డవుతుంది. ఇందులో జబ్బేమీ లేదు. వస్తువు విలువ తెలిసినవాళ్ళు చేసే పని ఇది.

మొన్న ఫోన్లో నువ్వడిగింది వేరే సంగతి. మీ స్నేహితురాలి అమ్మమ్మగారింట్లో వీధి తలుపు సగమే తెరుచుకుంటుందనీ, మంచం మీద బట్టల మూటలుంటే ఆవిడ కుర్చీలోనే కునుకు తీస్తారనీ, అమెరికా నుంచి వాళ్ళ మామయ్య రెండు వారాల సెలవు పెట్టుకుని వస్తున్నాడనీ, ఆవిణ్ణి చుట్టాలింటికి పంపించి మొత్తం లారీకెత్తించేస్తాడనీ చెప్పావు. "మంచిదేగా తాతయ్యా?" అన్నావు. మంచిది కాదమ్మా. ఆ కొడుకు ప్రేమ నిజమైనదే, ఆదుర్దా నిజమైనదే. అయినా ఆ పని మాత్రం మంచిది కాదు. ఎందుకో తీరిగ్గా చెప్పుకుందాం.

ఇల్లు ఇలా నిండిపోయినా ఏదీ వదులుకోలేకపోవడాన్ని డాక్టర్లు హోర్డింగ్ డిజార్డర్ అంటారు. చాలాకాలం దీన్ని ఓసీడీలో ఒక పాయగా లెక్కవేసేవారు. అదే, చేతులు పదేపదే కడుక్కోవడం, తాళం వేశామో లేదో మళ్ళీ మళ్ళీ చూసుకోవడం ఉంటాయే, అది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల గ్రంథం ఐదో కూర్పులో దీన్ని విడి జబ్బుగా చేర్చింది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలోనూ ఇది విడిగానే ఉంది. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే నూటికి ఇద్దరు ముగ్గురిలో కనిపిస్తుందని అంచనా. అంటే మన వీధిలోనూ ఒకరుండొచ్చు. తలుపు వేసుకుని ఉంటారు, చుట్టాల్ని రావద్దంటారు, గ్యాస్ బండ వస్తే గుమ్మంలోనే దింపించుకుంటారు. అందుకే మనకి కనబడరు.

వస్తువు ఖరీదెంతైనా సరే, దాన్ని వదులుకోవడం వాళ్ళకి చేతకాదు. వదులుకోవాలన్న ఆలోచనకే గుండె దడదడలాడుతుంది. సామాను పేరుకుపోయి గదులు వాటి పనికి పనికిరాకుండా పోతాయి. ఈ చివరిది గుర్తుపెట్టుకో. ఇంట్లో ఎంత సామానుందని కాదు చూడాల్సింది. పొయ్యి దగ్గర నిలబడి వండుకోగలరా, మంచం మీద కాళ్ళు చాపుకోగలరా, స్నానాల గదిలో స్నానం చెయ్యగలరా? స్టాంపులు పోగేసేవాడు ఆల్బమ్‌లో దేశాలవారీగా అతికించి, వచ్చినవాళ్ళందరికీ మురిసిపోతూ చూపిస్తాడు. ఈ జబ్బున్నవాళ్ళు ఇల్లు చూపించడానికే సిగ్గుతో చితికిపోతారు. కొందరికైతే అది ఇబ్బంది అన్న సంగతే తోచదు, చెప్పినవాళ్ళ మీద కోపం వస్తుంది.

"కాస్త చిందరవందరగా ఉంది" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం కదా. అందుకని రాండీ ఫ్రాస్ట్, గెయిల్ స్టెకెటీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు తమ తోటివాళ్ళతో కలిసి బొమ్మల కొలత ఒకటి తయారుచేశారు. వంటగది, పడకగది, ముందుగది, ఒక్కోదానికి తొమ్మిదేసి ఫోటోలు. ఒకటో ఫోటోలో గది శుభ్రంగా ఉంటుంది, తొమ్మిదోదాంట్లో సామాను పైకప్పుకి ఎగబాకుతుంది. మీ గది దేనికి దగ్గరగా ఉందో వేలు పెట్టి చూపించాలి, అంతే. నాలుగో ఫోటో, ఆ పైన అయితే సాయం అవసరమని లెక్క. మాటలతో వాదించుకునే బాధ తప్పుతుంది. ఈ కొలత నాకు చాలా నచ్చింది.

ఈ జబ్బు గురించి మాట్లాడినప్పుడల్లా న్యూయార్క్ కాలియర్ సోదరుల కథ వస్తుంది. హోమర్, లాంగ్లీ అని అన్నదమ్ములిద్దరు. తండ్రి డాక్టరు. హోమర్ లా చదివాడు, లాంగ్లీ ఇంజనీరింగ్ చదివాడు. హార్లెంలో ఐదో ఎవెన్యూ మీద పెద్ద ఇల్లు. అమ్మానాన్నలు పోయాక ఇద్దరూ క్రమంగా లోకానికి తలుపు మూసేశారు. 1930లలో హోమర్‌కి చూపు పోయింది. లాంగ్లీ అన్నగారికి తనే తినిపిస్తూ, తనే చూసుకుంటూ, వచ్చిన ప్రతి వార్తాపత్రికనీ దాచాడు. ఎందుకనుకున్నావు? అన్నకి చూపు తిరిగొచ్చిన రోజున ఇన్నాళ్ళ కబుర్లూ చదువుకుంటాడని! ఆ పేపర్ల కట్టలు గోడలయ్యాయి, గోడల మధ్య సొరంగాలయ్యాయి. దొంగలొస్తారన్న భయంతో తాడు తగిలితే సామాను మీద పడేలా ఉచ్చులు కూడా అమర్చాడు. 1947 మార్చి 21న పోలీసులు లోపలికెళ్ళేసరికి హోమర్ చనిపోయి ఉన్నాడు. లాంగ్లీ కోసం ఊరంతా వెతికారు. ఏప్రిల్ 8న దొరికాడు, అన్న ఉన్న చోటికి పదడుగుల దూరంలో, తను పెట్టిన ఉచ్చు కింద తనే పడి. ఆ ఇంట్లోంచి వంద టన్నులకు పైగా సామాను తీశారు. పధ్నాలుగు పియానోలున్నాయి అందులో. ఇప్పుడు ఆ ఇల్లున్న జాగాలో వాళ్ళ పేరుతోనే చిన్న పార్కు ఉంది.

ఆ కథ చెప్పి నవ్వేవాళ్ళున్నారు. నాకు మాత్రం పేపర్ల దగ్గరే మనసు ఆగిపోతుంది. అన్నయ్య చదువుకుంటాడని దాచాడమ్మా. ప్రతి కట్ట వెనకా ఒక కారణం ఉంది, ఆ కారణం వెనక మమత ఉంది. బయటివాడికి చెత్తగా కనబడేది లోపలివాడికి బాధ్యత. ఇది పట్టుకోకపోతే ఈ జబ్బు మనకి అర్థం కాదు.

"చిన్నప్పుడు కరువు చూసుంటారు, అందుకే" అంటారు జనం. ఫ్రాస్ట్ 1993లో ప్రచురించిన తొలి అధ్యయనంలోనే ఆ మాట వీగిపోయింది. చిన్నతనంలో వస్తువులకి కటకటలాడినవాళ్ళకే ఇది ఎక్కువగా వస్తుందన్న ఆధారం దొరకలేదు. కవలల మీద జరిగిన పరిశోధనలో మాత్రం దాదాపు సగం పాత్ర వంశపారంపర్యానిదని తేలింది. మిగతాది జీవితంలో తగిలిన దెబ్బలు కావచ్చు. మనిషిని పోగొట్టుకోవడం, ఇల్లు చెదరడం, అవమానం. తోడుగా దిగులు జబ్బు చాలామందిలో ఉంటుంది. పని మీద ధ్యాస నిలవకపోవడమూ ఉంటుంది. ఇల్లు సర్దుదామని కూర్చుంటారు, మొదటి కాగితం చదవడంలోనే పొద్దు గుంకుతుంది.

ఇక మెదడు సంగతి. 2012లో డేవిడ్ టోలిన్ బృందం ఒక చక్కని ప్రయోగం అచ్చువేసింది. ఈ జబ్బున్న 43 మందిని, ఓసీడీ ఉన్న కొందరిని, ఏ జబ్బూ లేని కొందరిని పిలిచి, "మీ ఇంట్లోంచి పాత కాగితాలు తెచ్చుకోండి" అన్నారు. టపాలో వచ్చే ప్రకటనలు, పాత పేపర్లు, అలాంటివి. మనిషిని స్కానర్లో పడుకోబెట్టి ఒక్కో కాగితం చూపించి, ఉంచాలా వద్దా అని అడిగారు. వద్దంటే దాన్ని ముక్కలు చేసే యంత్రంలో వెయ్యడమే. మధ్యమధ్యలో పరాయివాళ్ళ కాగితాలూ చూపించారు. పరాయి కాగితం వచ్చినప్పుడు ఈ జబ్బున్నవాళ్ళ మెదడులో సింగ్యులేట్, ఇన్సులా అనే రెండు భాగాలు మిగతావాళ్ళ కంటే మందకొడిగా ఉన్నాయి. తమ సొంత కాగితం రాగానే అవే భాగాలు మిగతా అందరికన్నా ఎక్కువగా చెలరేగాయి.

ఆ రెండు భాగాలూ కలిసి చేసే పనుల్లో ముఖ్యమైనది, 'ఇది ముఖ్యం, జాగ్రత్త, పొరపాటు జరగొచ్చు' అని మనిషిని హెచ్చరించడం. కుక్కరు విజిల్ పాడైతే చూశావా, ఆవిరి కాస్త పట్టగానే కూస్తుంది, ఎంతకీ ఆగదు. వాళ్ళ లోపల పాత కరెంటు బిల్లుకి కూడా అలా విజిల్ వేస్తుంది. ఆ మోత భరించలేక కాగితాన్ని తిరిగి కట్టలో పెడతారు. పెట్టగానే హాయిగా ఉంటుంది. ఆ హాయే రేపు ఇంకో కాగితాన్ని దాయిస్తుంది. సోమరితనం, మొండితనం అని మనం తిట్టేది నిజానికి నిర్ణయం తీసుకునేటప్పుడు పడే యాతన. ఒక్కో వస్తువుకీ అంత యాతన పడే మనిషి ముందు ఇంటెడు సామానుంటే, చేతులు ఎక్కణ్ణుంచి కదులుతాయి?

ఇది ముసలితనంలో పుట్టే జబ్బని అనుకోకు. మొదటి ఛాయలు చాలామందిలో పదకొండు, పదిహేనేళ్ళ మధ్యే కనిపిస్తాయి. ముప్ఫైలు దాటేసరికి ముదురుతుంది, దశాబ్దం దశాబ్దానికీ పెరుగుతుంది. పెద్దవాళ్ళలోనే మనకి కనబడటానికి కారణం ఉంది. అన్నాళ్ళూ పక్కన ఒక మనిషి ఉండి, పాత పేపర్లు నెలకోసారి బండివాడికి తూకమేయించేవారు, పండక్కి ఇల్లు దులిపించేవారు. ఆ మనిషి పోయాక అడ్డు తొలగిపోతుంది. ఒక్క జాగ్రత్త చెప్తాను. జీవితమంతా నీటుగా ఉన్న మనిషి అరవై, డెబ్భైల్లో ఉన్నట్టుండి ఏరుకొచ్చి దాచడం మొదలుపెడితే అది వేరే సంగతి కావచ్చు. మతిమరుపు జబ్బుల్లోనూ, మెదడు ముందుభాగానికి దెబ్బ తగిలినప్పుడూ అలా జరుగుతుంది. 2005లో డమాసియో దంపతులతో కలిసి ఆండర్సన్ అనే ఆయన మెదడు దెబ్బతిన్న 86 మందిని పరిశీలించాడు. 13 మందిలో దెబ్బ తర్వాతే పోగుచేసే ధోరణి మొదలైంది. కాబట్టి అలాంటప్పుడు ముందు నరాల డాక్టరుకి చూపించాలి.

మరి ఎవరిల్లు వాళ్ళిష్టం అని వదిలేద్దామా? వదలకూడదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ అగ్నిమాపక దళంవాళ్ళు 1999 నుంచి పదేళ్ళ లెక్కలు తీశారు. ఇళ్ళలో జరిగిన అగ్నిప్రమాదాల్లో ఇలాంటి ఇళ్ళు వెయ్యికి రెండు మూడే. నివారించగలిగిన అగ్నిప్రమాద మరణాల్లో మాత్రం నూటికి 24 అక్కడే జరిగాయి. తగలబడటానికి కాగితం సిద్ధంగా ఉంటుంది, బయటికి రావడానికి దారి ఉండదు. మన ఇళ్ళలో దేవుడి దగ్గర దీపం, గ్యాస్ బండ, అతుకుల వైరు, అన్నీ పక్కపక్కనే. పెద్దవాళ్ళు జారిపడి తుంటి విరగ్గొట్టుకోవడం ఇంకొకటి. అందుకని ముందు తెరిపించాల్సింది మూడు చోట్లు: వీధి తలుపు దారి, పొయ్యి చుట్టూ, మంచం నుంచి స్నానాల గదికి నడిచే దారి. మిగతావాటికి తొందర లేదు.

ఉంచాలా, తీసెయ్యాలా అన్న నిర్ణయం మనలో ఇంకా కష్టం అమ్మలూ. మా వీధి చివర పిన్నిగారు నీకు తెలుసుగా. ఆవిడ పిలిస్తేనే వెళ్ళి ఒక అట్టపెట్టె ముందు కూర్చున్నాను. పైన శుభలేఖల దొంతర. ఆవిడ ఒకటి తీశారు. నాలుగు మూలలా పసుపు, పైన వినాయకుడి బొమ్మ. ఆ పెళ్ళికొడుక్కి ఇప్పుడు పెళ్ళీడు కూతురుంది. "దీన్నేం చెయ్యమంటారు? దేవుడి బొమ్మ చెత్తబుట్టలో ఎలా వేస్తాను? పసుపు రాసింది చింపుతామా?" అన్నారు. చెయ్యి వణుకుతోంది. నేను ఏమీ చెప్పలేదు. "మీకేమనిపిస్తోంది?" అన్నాను. చాలాసేపు చూసి, వినాయకుడి బొమ్మ మటుకు కత్తిరించి పక్కన పెట్టారు. మిగతా కార్డు పాత కాగితాల సంచిలోకి తనే వేశారు. తర్వాత జాకెట్టు ముక్కలొచ్చాయి, పేరంటాల్లో తాంబూలంతో ఇచ్చినవి. ఎవరిచ్చిందో ప్రతిదానికీ చెప్పారు. ఇచ్చినవాళ్ళల్లో కొందరు ఇప్పుడు లేరు. చివరికి, "వచ్చే శ్రావణానికి ఇవన్నీ పేరంటాళ్ళకి ఇచ్చేస్తే? చేతులు మారతాయి, పారేసినట్టు కాదుగా?" అని ఆవిడే అన్నారు. ఆ పూటకి ఖాళీ అయింది పెట్టెలో అరచెయ్యంత మేర. ఆవిడ మొహం మాత్రం తేటపడింది.

వైద్యంలో జరిగేదీ ఇంచుమించు ఇదే, ఇంకా పద్ధతిగా. సీబీటీ అంటారు, అంటే ఆలోచననీ అలవాటునీ కలిపి మార్చే చికిత్స. ముందు ఆ మనిషికి ఏం కావాలో కనుక్కుంటారు. 'ఇల్లు బాగుచెయ్యాలి' అనేది మన కోరిక. 'మనవరాలు వస్తే పక్కన పడుకోబెట్టుకోవాలి' అనేది ఆ మనిషి కోరిక కావచ్చు. పని అక్కణ్ణుంచి మొదలవుతుంది. తర్వాత ఒక రకం వస్తువు తీసుకుని, ఉంచేవి, ఇచ్చేవి, తీసేసేవి అని విడదీయడం. పారేశాక వచ్చే గాభరా కాసేపటికి తనంతట తనే తగ్గుతుందని అనుభవం మీద తెలుసుకోవడం. వీళ్ళలో చాలామందికి కొత్తవి పోగేసే ఆత్రమూ ఉంటుంది కనక, బజారుకి వెళ్ళి ఏమీ కొనకుండా ఉత్త చేతులతో తిరిగి రావడం కూడా సాధనే. నెలలు పడుతుంది. జబ్బు పూర్తిగా పోయినవాళ్ళకంటే బాగా తగ్గి కుదుటపడ్డవాళ్ళే ఎక్కువ. ఈ జబ్బుకని ఆమోదించిన ప్రత్యేకమైన మందు లేదు. తోడుగా దిగులు ఉంటే దానికి మందిస్తారు, అది తగ్గితే ఈ పనికి ఓపిక వస్తుంది.

నాకు ఎంతో ఆశ కలిగించిన పరిశోధన ఒకటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడొందలకు పైగా మందితో చేసి, 2018లో ప్రచురించారు. కొన్ని గుంపులకి మనస్తత్వ నిపుణులు పాఠం చెప్పారు. మరికొన్నిటిని ఈ బాధ స్వయంగా పడ్డవాళ్ళే, తగిన శిక్షణ తీసుకుని, టోలిన్, ఫ్రాస్ట్, స్టెకెటీ రాసిన పుస్తకం ముందు పెట్టుకుని నడిపారు. రెండు రకాల గుంపుల్లోనూ మేలు ఇంచుమించు ఒకేలా ఉంది! అంటే తన బాధ తెలిసిన మనిషి పక్కన కూర్చుంటే చాలావరకు పని జరుగుతుందన్నమాట. అలాంటి గుంపులు మన ఊళ్ళలోనూ రావాలి. గ్రంథాలయాల్లో, విశ్రాంత ఉద్యోగుల సంఘాల్లో చోటుంది, మనుషులున్నారు.

ఇక్కడ ఎవర్ని అడగాలంటే, ముందు టెలీ మానస్. 14416కి ఫోన్ చెయ్యి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు కూడా చెయ్యొచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. ఎర్రగడ్డ పేరెత్తితే ఎగతాళి చేసే పాడలవాటు మనవాళ్ళకి ఉంది. అది మానుకోవాలి, ఎన్నో కుటుంబాలకి తెరిపిచ్చిన చోటది. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో ఓసీడీకీ దాని బంధుజబ్బులకీ ప్రత్యేకమైన క్లినిక్ నడుస్తోంది. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ఆ అమ్మమ్మగారి అనుమతితో గదుల ఫోటోలు నాలుగు తీసుకెళ్ళండి. ఆసుపత్రిలో కూర్చుని చెప్తే ఎవరికైనా "కాస్త చిందరవందర" అనే వినిపిస్తుంది.

ఇప్పుడు ఆ లారీ సంగతి. ఆ అమ్మమ్మగారు లేనప్పుడు ఇల్లు ఖాళీ చేయిస్తే నిర్ణయం తీసుకునే సాధన ఒక్కరోజైనా జరగదు. సామాను పోతుంది, లోపలి విజిల్ అలాగే ఉంటుంది. కొన్నాళ్ళకే ఇల్లు మళ్ళీ నిండుతుంది. ఈసారి కొడుకుని కూడా గుమ్మం లోపలికి రానివ్వరు. భోగి మంటలో పాత సామాను వేసే ఆచారం మనకుంది, కానీ ఆ మంటలో ఎవరి వస్తువు వాళ్ళే వెయ్యాలి. మీ స్నేహితురాలి చేత వాళ్ళ మామయ్యకి ఇవాళే ఫోన్ చేయించు. రెండు వారాల్లో ఇల్లు తేలదని చెప్పమను. ఆ సెలవుని డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళడానికీ, వైర్లు మార్పించడానికీ, వీధి తలుపు దారి ఒక్కటి అమ్మతో కలిసి తెరవడానికీ వాడుకోమను. ఇంటి యజమానో, అసోసియేషనో తొందరపెడుతుంటే, వాళ్ళతో మాట్లాడి గడువు అడగడం కొడుకు చెయ్యగల పెద్ద సాయం.

నువ్వు వెళ్తే మాత్రం పొద్దున్నే వెళ్ళు, సాయంత్రానికి ఆవిడ అలసిపోయి ఉంటారు. చెత్త అన్న మాట నోట రానివ్వకు. ఏదీ ముట్టుకోకు, ముట్టుకోవాల్సి వస్తే అడిగి ముట్టుకో. ఆవిడ తీసిన మొదటి వస్తువు కథ పూర్తిగా విను. ఆ తర్వాత అడుగు, "అమ్మమ్మగారూ, ఈ ఇంట్లో ముందు ఏ మూల మీకు మళ్ళీ కావాలి?" అని. ఆవిడ చెప్పిన మూల మనకి పనికిమాలిందిగా కనిపించినా సరే, పని అక్కడే మొదలుపెట్టండి. గంట కాగానే ఆపేసి కాఫీ తాగండి.